పైన మంచినీళ్లు, కింద ఉప్పునీళ్లు

విజయవాడ దాటి సముద్రం వైపు సాగే కృష్ణ పులిగడ్డ దగ్గర రెండుగా చీలుతుంది. పెద్ద పాయ నాగాయలంక పక్కగా దక్షిణానికి పోతుంది. రెండోది అవనిగడ్డను ఒరుసుకుంటూ తూర్పుకు తిరిగి హంసలదీవి వైపు సాగుతుంది. ఈ రెండు పాయలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న నేలే దివిసీమ. నీరు దాటకుండా ఇక్కణ్ణుంచి బయటి ఊరికి దారి లేదు. పెళ్లివారి బస్సునైనా, ధాన్యం లారీనైనా, బందరు (మచిలీపట్నం) కాలేజీకి వెళ్లే పిల్లలనైనా, పురిటి నొప్పులతో ఉన్న మనిషినైనా ఆ గట్టుకు చేర్చాల్సింది వారధే.

అందుకే పులిగడ్డ చేరేసరికి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ల చేతుల్లో ఫోన్లు లేస్తాయి. బైకుల మీద వచ్చిన కుర్రాళ్లు బండి పక్కకు ఆపి, రైలింగుకు ఆనుకుని సెల్ఫీ తీసుకుంటారు. సాయంత్రం వేళ పెనుమూడి వారధి మీద ఈ సందడి మరీ ఎక్కువ. ఆ ఫోటోల్లో నది ఉంటుంది, ఆకాశం ఉంటుంది, మొహాలుంటాయి. వారధి మాత్రం ఉండదు. మహా అయితే రైలింగు ముక్క ఒకటి, తారు రోడ్డు కొంచెం. వంతెన మీద నిలబడ్డవాడికి వంతెన కనపడదు కదా. దాన్ని చూడాలంటే దిగాలి, గట్టు వెంట నడవాలి, కిందికి వెళ్లాలి, కుదిరితే పడవెక్కాలి.

అలా దిగి చూడవలసిన కట్టడాలు ఈ ప్రాంతంలో చాలానే ఉన్నాయి. వాటిలో మొదట చెప్పుకోవలసింది పులిగడ్డ అక్విడక్టు.

పై నుంచి వెళ్లిపోయేవాళ్లకు అది మరో పాత వంతెనలాగే తోస్తుంది. నిజానికి అది నదిని దాటే కాలువ. ప్రకాశం బ్యారేజి దగ్గర మళ్లించిన కృష్ణ నీరు తూర్పు గట్టు వెంబడి కాలువగా వస్తుంది. దాన్ని రైతులు కేఈబీ (కృష్ణా ఈస్ట్ బ్యాంక్) అంటారు. ఆ కాలువ పులిగడ్డ దాకా వచ్చి నది పాయకు ఎదురుపడుతుంది. ఆవలి గట్టున దివిసీమ పొలాలున్నాయి, ఊరి చెరువులున్నాయి. కాలువను నదిలో కలిపేస్తే ఆ నీరు సముద్రం పాలే. అందుకని బ్రిటిష్ కాలపు ఇంజినీర్లు నదిలో స్తంభాలు లేపి, వాటి మీదుగా కాలువనే అవతలికి దాటించారు. కింద కృష్ణ, పైన మళ్లీ కృష్ణే.

అయితే ఆ రెండు నీళ్లూ ఒకటి కావు. వరదలు తగ్గి, బ్యారేజి గేట్లు దించేశాక కింది నదికి పైనుంచి ప్రవాహం ఉండదు. అప్పుడు సముద్రపు పోటు నదిలోకి ఎగదన్నుతుంది. చలికాలం గడిచేకొద్దీ పాయలో నీరు ఉప్పబడుతుంది. తాగడానికి పనికిరాదు, నారుమడికీ పనికిరాదు. సరిగ్గా అదే సమయంలో దాని నెత్తి మీదుగా కాలువలో మంచినీళ్లు పారుతుంటాయి. దివిసీమ బతుకంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంది. ఫోటో తీసేవాళ్లకు ఇంతకు మించిన వస్తువు చుట్టుపక్కల దొరకదు. కానీ ఒక్క ఫోటోలో ఇది ఇమడదు. పక్కనుంచి తీస్తే స్తంభాలు, కింది నది వస్తాయి, పై నీరు కనపడదు. కాలువ అక్విడక్టులోకి ప్రవేశించే మొదలు దగ్గర తీస్తే పై నీరు వస్తుంది, కింద నది ఉందన్న సంగతే తెలియదు. రెండు మూడు కోణాలు పక్కపక్కన పెడితేనే ఆ కట్టడం ఏం పని చేస్తోందో చూసేవాడికి అర్థమవుతుంది.

ఈ చిక్కు మన అక్విడక్టుకే కాదు. అమెరికాలో పైకప్పు వంతెనలని ఉన్నాయి. చెక్కతో కట్టి, పక్కలకు పలకలు కొట్టి, పైన ఇంటికి వేసినట్టే కప్పు వేస్తారు. ఆ కప్పు బాటసారుల కోసం కాదు. బరువు మోసే దూలాలు వానకు తడిసి కుళ్లిపోకుండా ఉండటానికి. కప్పులేని చెక్క వంతెన పది ఇరవై ఏళ్లకే పాడైపోతే, కప్పున్నది వందేళ్లు దాటి నిలిచిన సందర్భాలెన్నో. బయటి నుంచి చూస్తే పశువుల కొట్టంలా ఉంటుంది, అసలు నేర్పంతా లోపల దూలాల అల్లికలో దాగి ఉంటుంది. అందుకే వాటిని ఫోటో తీసేవాళ్లు బయట ఒకటి, వాకిట్లో నిలబడి ఒకటి, లోపల ఒకటి తీస్తారు. అయోవా రాష్ట్రంలోని మాడిసన్ కౌంటీ వంతెనలు 1992లో వచ్చిన ఒక నవలతోనూ, 1995లో క్లింట్ ఈస్ట్‌వుడ్ తీసిన సినిమాతోనూ ప్రపంచానికంతా తెలిశాయి. ఆ కథలో నాయకుడు ఆ వంతెనల్ని ఫోటోలు తీయడానికి వచ్చిన పత్రికా ఫోటోగ్రాఫరే. అప్పట్నుంచి ఆ ఊళ్లకు కెమెరాలు పట్టుకుని వచ్చేవాళ్లకు లెక్కలేదు. కృష్ణా డెల్టాలో పైకప్పు వంతెనలు లేవు. కానీ కడుపులో పని దాచుకున్న వంతెనలు ఇక్కడా ఉన్నాయి.

పులిగడ్డలోనే రెండో కట్టడం, ముందు చెప్పిన పెనుమూడి వారధి, ఉంది. పెద్ద పాయ మీద పులిగడ్డనూ, అవతలి గట్టున రేపల్లె దగ్గరి పెనుమూడినీ కలిపేది. ఈ శతాబ్దం మొదటి దశాబ్దంలో అందుబాటులోకి వచ్చింది. 216వ నంబరు జాతీయ రహదారి దీని మీదుగానే పోతుంది. ఒకప్పుడు ఎదురుగా కనపడే రేపల్లెకు పడవ దాటాలి, లేదంటే విజయవాడ చుట్టి రావాలి. ఇప్పుడు కొద్ది నిమిషాల ప్రయాణం. అక్విడక్టుకున్న పాతదనం దీనికి లేదు, పొడవాటి కాంక్రీటు గీత, అంతే. అయినా వెలుతురు గురించి నేర్చుకోవడానికి దీనికి సాటి వచ్చేది లేదు. కారణం దీని దిక్కు.

ఇక్కడ కృష్ణ ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతోంది కనుక వారధి దాదాపు తూర్పు పడమరలుగా ఉంది. ఒక ముఖం ఎగువకు, అంటే ఉత్తరానికి. రెండో ముఖం దిగువకు, దక్షిణానికి. పులిగడ్డ ప్రాంతం 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి వాలి, సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే చలికాలమంతా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దిగువ ముఖం మీద ఎండ పడుతూనే ఉంటుంది. స్తంభాల గుండ్రదనం, దిమ్మెల అంచులు, అతుకుల గీతలు అన్నీ విడివిడిగా తెలుస్తాయి. ఎగువ ముఖం ఆ నెలల్లో నీడలోనే ఉంటుంది. మే మొదటి వారంలోనూ, ఆగస్టు రెండో వారంలోనూ సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు రెండు ముఖాలూ మసకే. రోడ్డు దిమ్మె నీడ నిలువునా స్తంభాల మీద పడి వాటిని నల్లబరుస్తుంది. ఎండ ఎక్కువగా ఉంటే ఫోటో బాగా వస్తుందనుకునేవాళ్లు ఆ వేళ తీసి చూస్తే తెలుస్తుంది. మే నెలాఖరు నుంచి జులై దాకా సూర్యుడు ఈశాన్యంలో పొడిచి వాయవ్యంలో కుంగుతాడు. ఎగువ ముఖానికి ఎండ బాగా దొరికేది ఆ నెలల ఉదయ సాయంత్రాల్లో.

ఇక మార్చి, సెప్టెంబరు చివరి వారాల్లో సూర్యాస్తమయం దాదాపు పడమరన. పులిగడ్డ వైపు నుంచి చూస్తే వారధి పొడవునా చూపు సాగి, ఆ చివర రేపల్లె దిక్కున సూర్యుడు దిగుతాడు. పత్రికల్లో వచ్చే ఫోటోలు ఎక్కువగా ఇలాంటివే. చూడటానికి అందంగా ఉంటాయి, కానీ వాటిలో వారధి నల్లటి గీత మాత్రమే. ఆ కట్టడాన్ని చూపాలనుకునేవాళ్లు సూర్యుడికి వీపు పెట్టి నిలబడాలి. సూర్యుడు కుంగాక ఇరవై నిమిషాలు ఆగితే మరో వెలుతురు వస్తుంది. ఆకాశమూ, కాంక్రీటూ, నీరూ ఒకే స్థాయిలోకి వచ్చి, లారీల దీపాలు గీతలుగా పడతాయి. ఫోన్‌ను రాయి మీదో, చిన్న స్టాండు మీదో కదలకుండా పెట్టి తీయాలి.

వెలుతురుకు పంచాంగం ఎంత అవసరమో, నీటికి ఆటుపోట్లు అంత అవసరం. ఈ పాయల్లో రోజుకు రెండు సార్లు పోటు ఎక్కుతుంది, రెండు సార్లు దిగుతుంది. ఆ వేళ రోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కు జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు పెద్దది, ఆటు కూడా అంతే లోతుకు దిగుతుంది. రేవులో వలవేసేవాళ్లను అడిగితే గడియారం చూడకుండానే చెబుతారు. ప్రతిబింబాలు కావాలనుకునేవాళ్లను పోటు నిండి నీరు నిలిచే వేళకు రమ్మంటారు. స్తంభాల మొదళ్లు చూడాలనుకునేవాళ్లను ఆటు వేళకు రమ్మంటారు.

ఆ మొదళ్లను దగ్గరగా చూడటమే అసలు పని. ఆటు సమయంలో నది పాయలో ఏ పాత స్తంభం దగ్గరికి వెళ్లినా దాని మీద పట్టీలు పట్టీలుగా రంగులు కనపడతాయి. అన్నిటికంటే పైన ఎండకు వెలసిన తెల్లటి సిమెంటు. దాని కింద గోధుమ రంగు చార, వరద నిలిచిన గుర్తు. పగుళ్లలో ఎండిపోయిన గుర్రపు డెక్క వేళ్లు, రెల్లు పుల్లలు ఇరుక్కుని ఉంటాయి. ఇంకా కిందికి వస్తే పాకుడు, పోటు రోజూ వచ్చి తాకే మేర. ఉప్పునీరు ఎక్కువసేపు నిలిచే చోట గుల్లలు అంటుకుని చేతికి గరుగ్గా తగులుతాయి. ఎక్కడైనా సిమెంటు పెచ్చు ఊడితే లోపలి ఇనుప చువ్వ తుప్పు పట్టి ఎర్రటి చార కిందికి జారి ఉంటుంది. ఆ చార ఇంజినీరుకు ముందస్తు హెచ్చరిక. ఉప్పు లోపలికి చేరి చువ్వను తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఉబ్బి సిమెంటును పగలగొడుతుంది. ఒక్క స్తంభాన్ని పైనుంచి కింది దాకా నిలువుగా తీసిన ఫోటోలో ఎండ, వరద, పోటు, ఉప్పు వరుసగా చదువుకోవచ్చు. వంతెన ఫోటోల్లో దీన్ని మించినది ఈ వ్యాసకర్తకు కనపడలేదు, అయినా తీసేవాళ్లు అరుదు.

అలాంటిది తీయడానికి ఎండ పనికిరాదు. మబ్బు పట్టిన రోజు కావాలి. జర్మనీకి చెందిన బెర్న్డ్, హిల్లా బెకర్ దంపతులు 1959 నుంచి నీళ్ల ట్యాంకుల్ని, కొలుముల్ని, గనుల దగ్గరి గోపురాల్ని ఇలాగే తీస్తూ పోయారు. ఆకాశం బూడిద రంగులో ఉన్నప్పుడే, ఎదురుగా నిలబడి, ఒకే ఎత్తు నుంచి. ఒక్కో ఫోటో సాదాసీదాగా ఉంటుంది. ఒకే రకం కట్టడాలను వరుసగా గోడకు పెడితే ఒకదానికీ మరొకదానికీ ఉన్న తేడా కంటికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. వాళ్ల ఫోటోలకు 1990లో వెనిస్ కళా ప్రదర్శనలో శిల్పకళకు ఇచ్చే బహుమతి వచ్చింది. ఫ్రెంచి చిత్రకారుడు మోనె దీనికి పూర్తిగా వేరే దారి పట్టాడు. లండన్‌లో హోటలు గది నుంచి వాటర్లూ వంతెనను నలభైకి పైగా చిత్రాల్లో గీశాడు. నిలబడ్డ చోటు దాదాపు మారలేదు, మంచూ పొగా వెలుతురూ మారాయి. అమెరికన్ ఫోటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ అందరూ దూరం నుంచి తీసే బ్రూక్లిన్ వంతెన కిందికి వెళ్లి, తల పైకెత్తి తీశాడు. ఆ ఫోటోలు 1930లో హార్ట్ క్రేన్ కావ్యంతో కలిసి అచ్చయ్యాయి. ఈ మూడు పద్ధతులూ పులిగడ్డలో పనికొస్తాయి.

చేతిలో ఖరీదైన కెమెరా లేకపోతే ఏం? ఫోన్ చాలు, కొన్ని జాగ్రత్తలుంటే. వంతెన కింద చీకటి, అవతల ఆకాశం తెల్లగా మండుతుంటుంది. ఫోన్ రెండింటి మధ్య తికమక పడుతుంది. తెర మీద ఆకాశం అంచున వేలు నొక్కి పట్టి, వెలుగు కాస్త తగ్గించి తీస్తే మబ్బులూ నిలుస్తాయి, స్తంభాల నలుపూ నిలుస్తుంది. దగ్గరగా నిలబడి ఫోన్ పైకెత్తి తీస్తే స్తంభాలు వెనక్కి వాలిపోతున్నట్టు వస్తాయి. పది ఇరవై అడుగులు వెనక్కి నడిచి, ఫోన్ నిలువుగా పట్టుకుంటే ఆ వాలు పోతుంది. మరీ వెడల్పుగా చూపే లెన్సు దగ్గరి స్తంభాన్ని భారీగా, మిగతావాటిని అగ్గిపుల్లల్లా చేస్తుంది. కరకట్ట మీద దూరంగా నిలబడి జూమ్ చేస్తే దానికి తారుమారు. స్తంభాలన్నీ దగ్గరికి జరిగి ఒకదాని వెనక ఒకటి గోడలా కనపడతాయి. కట్టడం ఎంత పొడవో చెప్పాలంటే మొదటిది, ఎంత దట్టంగా కట్టారో చెప్పాలంటే రెండోది. మనిషో, పడవో, మేస్తున్న గేదో ఫ్రేములో ఎక్కడో ఒకచోట ఉండాలి. లేకపోతే ఎత్తు తెలియదు.

కరకట్ట గురించి ఒక మాట. వరదల్ని ఊళ్ల మీదికి రాకుండా ఆపే ఈ మట్టి గట్టు నది వెంబడే సాగుతుంది. నేలంతా చదునుగా ఉన్న డెల్టాలో ఫోటో తీయడానికి కాస్త ఎత్తు దొరికేది దీని మీదే. ఎటు చూసినా కొండ లేని చోట ఈ నాలుగు నిలువుల ఎత్తే గొప్ప. దాని మీద నడుస్తూ పోతే వారధి మొదట ఏటవాలుగా, తర్వాత ఎదురుగా, ఆ తర్వాత మళ్లీ ఏటవాలుగా తిరుగుతుంది. తొందరపడి కిందికి దిగకూడదు. ఆటు వేళ బయటపడే ఒండ్రు పైకి ఎండినట్టు కనపడుతుంది, కాలు పెడితే మోకాలి దాకా దిగుతుంది. జాలరుల అడుగుజాడలున్న చోటనే నడవాలి. వరద కాలంలో అసలు దిగనేకూడదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద ఈ పాయల్లోకే వచ్చింది.

ఆ వరద ఫోటోలే కోణం విలువను చాటాయి. పై నుంచి తీసినవాటిలో బ్యారేజి 70 గేట్ల మీదా నురుగు తప్ప ఇంకేమీ తెలియలేదు. కొట్టుకొచ్చిన పడవలు గుద్దుకుని గేట్ల కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్న సంగతి పక్కనుంచి, దగ్గరగా తీసిన ఫోటోల్లోనే తేటతెల్లమైంది. డ్రోన్ ఉంటే చాలు అన్నీ దొరికిపోతాయనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. డ్రోన్‌తో ఒక మేలు తప్పకుండా ఉంది. పులిగడ్డలో పైన పారే కాలువను, కింద పారే నదిని ఒకే ఫ్రేములో పట్టగలిగేది అదొక్కటే. రెండు నీళ్ల రంగు తేడా ఎక్కువగా తెలిసేది జనవరి నుంచి మార్చి దాకా. వేసవిలో కాలువలు కట్టేస్తారు, జూన్ తర్వాత వరదనీరు వస్తే రెండూ ఎర్రబడతాయి. డ్రోన్ ఎగరేయాలంటే 2021 డ్రోన్ నిబంధనలు తెలిసి ఉండాలి. 250 గ్రాములు దాటినదాన్ని నమోదు చేయాలి. పచ్చ మండలంలో 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు, ఎర్ర మండలంలో అనుమతి లేకుండా ఎగరేయకూడదు. ఏ చోటు ఏ మండలమో డిజిటల్ స్కై వేదిక పటంలో చూసుకోవచ్చు.

అవనిగడ్డ నుంచి వెనక్కి మళ్లి చల్లపల్లి, కూచిపూడి, పామర్రు మీదుగా గుడివాడ వైపు పోతే వంతెనల రూపం మారిపోతుంది. ఇక్కడ పెద్ద నది లేదు. రైవస్ కాలువ నుంచి చీలిన పిల్ల కాలువలు, వాటికి అడ్డంగా పోయే మురుగు కాలువలు, వాటిని దాటే రోడ్లు, రోడ్లను దాటే రైలు పట్టాలు. నీటిని నీరు దాటే చోట్లు కొల్లలు. కాలువ పైన, డ్రెయిన్ కింద పోయేలా కట్టినదాన్ని అందరూ యూటీ అంటారు, అంటే అండర్ టన్నెల్. విజయవాడ పక్కన ఎనికేపాడులో బుడమేరు ఏలూరు కాలువ కిందుగా పోయేది అలాంటి దానిలోంచే. రోడ్డు మీద పోయేవాళ్లకు యూటీ ఉన్నట్టే తెలియదు. పక్కకు దిగి చూస్తే ఓ వైపు నోరు, మరో వైపు నోరు, మధ్యలో కాలువ గట్టు. ఇలాంటివి తీయాలంటే రెండు నోళ్లూ, పైన కాలువ, మూడూ తీయాలి. కోనసీమలో పి. గన్నవరం దగ్గర 49 కమానులతో వైనతేయ పాయను దాటిన పాత అక్విడక్టు గురించి, దాని పక్కనే కట్టిన డొక్కా సీతమ్మ అక్విడక్టు గురించి చాలామందికి తెలుసు. గుడివాడ చుట్టుపక్కల ఉన్న చిన్నవాటి పేరు ఎవరూ ఎత్తరు, ఫోటోలూ దొరకవు.

బందరు కాలువ మీది వంతెనలకు ఇంకో సంగతి తోడైంది. విజయవాడ నుంచి మచిలీపట్నం రోడ్డుకు తోడుగా సాగే ఈ కాలువలో ఒకప్పుడు సరుకు పడవలు తిరిగేవి. పడవ పోవాలంటే వంతెన కింద జాగా ఉండాలి. నీటి మట్టం మారే చోట లాకులుండాలి. పాత లాకుల గోడల్లోని రాళ్లు, తలుపులు తిరిగిన గాడులు, వంతెన అంచున అరిగిన గుర్తులు, ఇవన్నీ ఆ రాకపోకల సాక్ష్యాలు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మొదట పోయేవి ఇవే. కొత్త వంతెన వేస్తారు, పాతది కొన్నాళ్లు పక్కన ఉంటుంది, తర్వాత కూల్చేస్తారు. ఊళ్లో ఎవరి దగ్గరా ఒక్క ఫోటో మిగలదు. ఇది ఈ వ్యాసకర్తను నిజంగా బాధపెట్టే సంగతి.

గుడివాడ జంక్షన్ దగ్గర రైలు వంతెనల మీద కుర్రాళ్లకు మోజు ఎక్కువ. పట్టాల మీదికి ఎక్కి ఫోటో తీసుకోవడం ప్రాణాంతకం, పైగా నేరం. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, జరిమానా పడవచ్చు. కాలువ గట్టున దిగువన నిలబడి, రైలు గర్డర్ల మీదుగా పోతుండగా పక్కనుంచి తీసినదే ఎలాగూ మెరుగైన ఫోటో. నీటిలో బోగీల నీడ కూడా వస్తుంది.

ఇలా తీసి పెట్టుకోవడం కాలక్షేపం కాదని చెప్పడానికి న్యూయార్క్ రాష్ట్రంలోని బ్లెన్‌హైమ్ వంతెన కథ చాలు. 1855లో కట్టిన పైకప్పు వంతెన అది. 2011 ఆగస్టు 28న ఐరీన్ తుపాను వరదకు కొట్టుకుపోయింది. అక్కడ పాత కట్టడాల్ని కొలతలతో, ఫోటోలతో నమోదు చేసే ప్రభుత్వ పద్ధతి ఎప్పట్నుంచో ఉంది. పాత ఆధారాలు చేతిలో ఉండబట్టే 2018 నాటికి అదే రూపంలో మళ్లీ కట్టగలిగారు. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెన చూసిన ఈ నేలకు ఆ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

నమోదు అంటే ఫోటో ఒక్కటే సరిపోదు. ఏ గట్టు మీద నిలబడి, ఎగువకు తిరిగో దిగువకు తిరిగో, ఏ తేదీన, పోటులోనా ఆటులోనా తీశారో రాసిపెట్టాలి. స్తంభాలను పులిగడ్డ వైపు నుంచి లెక్కపెట్టి, ఎన్నోదో రాయాలి. మరుసటి ఏడాది అదే చోట నిలబడి అదే స్తంభాన్ని తీస్తే తుప్పు చార పెరిగిందా లేదా తెలుస్తుంది. ఊళ్లో హైస్కూలు పిల్లలు చేయగలిగిన పని ఇది. ఒక ఫోన్, ఒక నోటు పుస్తకం, నది గురించి తెలిసిన పెద్దాయన ఒకరు తోడుంటే చాలు.

కోడూరు మండలం ఉల్లిపాలెం నుంచి బందరు వైపున్న భవానీపురానికి కట్టిన వారధి ఈ కొత్త తరహా నమోదుకు మంచి చోటు. అది ఇంకా వయసులో ఉన్నదే. ఇప్పుడు తీస్తే మొదటి పేజీ నుంచే దాని చరిత్ర దొరుకుతుంది. అక్కణ్ణుంచి నాగాయలంక వైపు వస్తే వారధి లేని చోటూ ఉంది. ఏటిమొగ దగ్గర నది దాటి ఎదురుమొండి దీవికి వెళ్లాలంటే పంటే గతి. బైకులు, బియ్యం బస్తాలు, బడి పిల్లలు, చేపల బుట్టలు అన్నీ ఒకే పంటు మీద. అక్కడ వారధి కావాలని దీవి జనం ఏళ్ల తరబడి అడుగుతున్నారు. వంతెనల్ని ఫోటో తీసేవాళ్లు ఈ రేవుకూ రావాలి. గట్టు మీద నుంచి పంటు నిండుతుండగా ఒకటి, పంటు మీద నిలబడి ఎదుటి గట్టు దగ్గరవుతుండగా ఒకటి, ఆటు వేళ పంటు ఒడ్డుకు ఆనక జనం బురదలో దిగి నడుస్తుండగా ఒకటి. వారధి వచ్చాక దాని స్తంభాలు ఏ చోట లేచాయో, అంతకుముందు అక్కడ మనుషులు ఎలా దాటేవారో పక్కపక్కన పెట్టి చూడటానికి ఆ మూడు ఫోటోలు ఇప్పుడే కావాలి.